గాజు పోగు

ఫిబ్రవరి 9

పెద్దమ్మా,

క్షేమంగా చేరాను. బస్సు దిగగానే ఉత్తరం రాయమన్నావు. దిగగానే నిద్ర ముంచుకొచ్చింది, లేవగానే పనిలోకి దింపేశారు. ఇవాళ సెలవు కాబట్టి తీరిగ్గా మూడు కాగితాలు నింపబోతున్నాను. ఎక్కడైనా ఆగిపోతే వేలు పెట్టుకుని ఆ వాక్యం మొదటినుంచి చదువు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి నీకు అక్షరాలు దిద్దించేటప్పుడు నేనిలాగే చెప్పేదాన్ని కదా.

నా గది పళ్ల గోదాము మీద. కింద పెట్టెలకు మేకులు కొట్టే చప్పుడు, పైన నేను. కిటికీలోంచి లోయంతా కనిపిస్తుంది. అటూ ఇటూ కొండలు, మధ్యలో తోటలు. పొద్దున ఈ కొండ నీడ ఆ తోట మీద, సాయంత్రం ఆ కొండ నీడ ఈ తోట మీద. మబ్బు పడితే లెక్కంతా మళ్లీ మొదటికి.

ఇప్పుడు పని సంగతి. ఏ చెట్టుకు ఏడాది పొడుగునా ఎంత ఎండ అందుతుందో ఇక్కడివాళ్లకు తెలియాలి. ఒకచోట మీటరు పెడితే అది తన నెత్తిమీది ఎండ గురించే చెబుతుంది. అడుగడుక్కీ పెట్టాలంటే అడుగడుక్కీ కరెంటు కావాలి. అందుకని మావాళ్లు కర్రలు పాతి, లోయ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక కట్ట లాగారు. ఆ కట్టలో ఉన్నవాటిని ఆప్టికల్ ఫైబర్లు అంటారు. నీకు ఇంగ్లీషు అడ్డం రాకూడదని నేనే ఒక తెలుగు మాట కట్టాను, గాజు పోగు అని. అద్దాన్ని కరిగించి వెంట్రుకంత సన్నగా సాగదీసిన దారం అనుకో. ఒక్కో పోగుకు ఒక్కో చోట మాత్రమే రంగు కలిపి ఉంటుంది, మిగతా పొడుగంతా నల్ల తొడుగు. రంగున్న చోట ఎండ పడితే పోగు లోపల మిణుకుమంటుంది. ఆ మిణుకు పోగులోంచే పరుగెత్తుకొచ్చి, ఇటు చివర గుడిసెలో ఉన్న పెట్టెకు చేరుతుంది. పెట్టె దాన్ని అంకెగా చూపిస్తుంది. అంటే నేను ఇక్కడ కూర్చుని, లోయ అవతలి కొసన ఒక చెట్టు మీద ఎంత ఎండ కాస్తోందో చదువుతానన్నమాట.

మొదటిరోజు ఆ అంకె చూడగానే మన లాండ్రీ మిద్దె కళ్లముందుకొచ్చింది. పక్క భవనం నీడ జరిగేకొద్దీ నువ్వు దండేలు విప్పి ఎండ ఉన్న వైపు కట్టేదానివి. నేను దుప్పట్ల మధ్య కూర్చుని చదువుకునేదాన్ని. నువ్వు "లే, ఎండొచ్చింది" అంటే పుస్తకాలతో సహా జరిగేదాన్ని. ఎండ బట్టలకు, నీడ నాకు. ఇక్కడ మేం కట్టింది కూడా దండెమే. కాకపోతే ఎండ తప్ప ఇంకేమీ ఆరేయని దండెం.

మూడో కాగితానికి వచ్చేశాను. రోజంతా గాజు పోగులతోనే నా పని. ఎంత నాజూకో చెప్పలేను. ఎర్రవి, పచ్చవి, నారింజవి, రకరకాలు. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి, పగులుందేమో చూసి, మెత్తటి గుడ్డతో తుడిచి వరసలో పెట్టాలి. మా పైఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. పళ్లు కోతకొచ్చేదాకా నన్ను పని చూడ్డానికి పెట్టుకున్నారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. నాకు ఉండాలని ఉంది పెద్దమ్మా. చాలా ఉండాలని ఉంది.

నీ పంతులమ్మ

*

ఫిబ్రవరి 24

మా పంతులమ్మకు, పెద్దమ్మ రాసేది.

ఉత్తరం అందింది. చదివాను. నీ దస్తూరి అద్దంలా ఉంది. నాది కోడి కెలికినట్టు ఉంటుంది, సర్దుకో.

ఏ పనైనా పనే తల్లీ. మనం అనుకుని వెళ్లేది ఒకటి, అక్కడ దొరికేది ఒకటి. అందరికీ అలాగే అవుతుంది. మనసు చిన్నబుచ్చుకోకు. నేనిక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పను. అడిగితే బాగుందని అంటున్నాను.

రోజంతా నిలబడితే కాళ్లు లాగుతాయి. పడుకునేముందు వేడినీళ్లలో పెట్టుకో. వచ్చేవాళ్లు విసిగించినా మొహం మాడ్చుకోకు. నీకు మాడ్చుకునే అలవాటుంది, మీ అమ్మ పోలిక. అది బతికి ఉంటే ఇప్పటికి నీతోపాటు బస్సెక్కేసేది.

ఇక్కడ కబుర్లంటే, మన నీలిమందు అత్త డాక్టర్ల కోట్లకు నీలం ఎక్కువ పట్టించింది. ఆస్పత్రంతా ఆకాశంలా తిరిగారు. యజమానమ్మ అరిచిన అరుపుకు కాగులో నీళ్లు వాటంతటవే మరిగాయి.

పెద్దమ్మ

*

మార్చి 12

పెద్దమ్మా,

నీలం కోట్ల సంగతి చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కింద మేకులు కొట్టేవాళ్లు ఆగి పైకి చూశారు.

కానీ ఒకటి అడగనా. మూడు కాగితాలు రాశాను, నా పని గురించి ఒక్క ముక్క కూడా అడగలేదేం. మనసు చిన్నబుచ్చుకోకు అన్నావు. నేనెందుకు చిన్నబుచ్చుకుంటాను? తెల్లకోటు వేసుకుని గదిలో కూర్చునే పని కాదని నీకు బెంగేమో. నాకు లేదు.

ఇక్కడ నాతోపాటు ఒకతను పనిచేస్తాడు. పొడుగ్గా ఉంటాడని అందరూ నిచ్చెన అంటారు. కర్రలకు గాజు పోగు తగిలించేటప్పుడు అతను పైన, నేను కింద. నువ్వన్నట్టే జనం విసిగిస్తారు. తోటల యజమానులు బేరంలో గట్టివాళ్లు. నేను నాలుగంటే వాళ్లు రెండు చాలంటారు. కర్రకు స్థలమివ్వడానికి కూడా ప్రాణం పోయినట్టు చూస్తారు. పెద్దాయన నన్నే మాట్లాడమంటారు. మొహం మాడ్చుకోకుండానే మాట్లాడుతున్నాను, నీమీద ఒట్టు.

పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఎండ వెంటే తిరుగుతున్నాను. ముక్కు తోలు ఊడింది. అయినా నాకు హాయిగానే ఉంది. సబ్బు వాసన ఎక్కడ తగిలినా మిద్దె గుర్తొస్తుంది. నీకు "ఎ" నేర్పిన రోజు గుర్తుందా? నువ్వు ఎండ అని రాయబోయి సున్న మర్చిపోయావు. నేను బెత్తంతో నీ మోకాలి మీద ఒకటిచ్చాను. అది బెత్తం కూడా కాదు, దండేనికి వేసే క్లిప్పు కర్ర. నువ్వు ఏడుపు నటించావు, నేను నిజంగా ఏడ్చాను.

నీ పంతులమ్మ

*

మార్చి 28

మా పంతులమ్మకు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ కాళ్లూ చేతులూ ఆడట్లేదు. తోలు ఊడేంత ఎండలో తిరగడమేంటి తల్లీ? అదీ నిచ్చెనో గుంజో, ఎవరో మగపిల్లాడిని వెంటేసుకుని. ఇంత చదువు చదివింది ఎండన పడి తిరగడానికా? ఒకచోట కూర్చుని చేసేదైతే నేనేమీ అననే.

బేరాలాడేవాళ్ల సంగతి నాకు తెలుసు. డబ్బున్నవాళ్లే ఎక్కువ గీసి గీసి ఆడతారు. వాళ్ల ముందు నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డం తలుచుకుంటే ముద్ద దిగట్లేదు.

యజమానమ్మతో మాట్లాడాను. ఏమనుకోకు. వచ్చే నెల ఇస్త్రీ గదిలో కిటికీ పక్క బల్ల ఖాళీ అవుతోంది. అదీ చీటీలు రాసే పనితో కలిపి. నీలా రాసేవాళ్లు ఆవిడకు ఎక్కడ దొరుకుతారు? నీకోసం ఆపి ఉంచుతానంది. నీడపట్టున ఉంటావు. నా కళ్లముందు ఉంటావు. మిద్దె మీద నీ చోటు అలాగే ఉంది, అక్కడ ఇప్పుడు పిల్లి కూర్చుంటోంది.

వచ్చెయ్. ఎవరైనా అడిగితే నాకు ఒంట్లో బాలేదని పిలిపించానని చెబుతాను. తప్పు నామీద వేసుకుంటాను.

పెద్దమ్మ

*

ఏప్రిల్ 10

పెద్దమ్మా,

నీ ఉత్తరం రావాల్సిన రోజున రాలేదు. అన్నిటికన్నా చెడ్డ రోజు చూసుకుని వచ్చింది.

నిన్న నా చేతిలో గాజు పోగు తెగిపోయింది. లోపం నాదే. మెల్లగా వంచాల్సింది గట్టిగా వంచాను. టప్‌మని చిన్న చప్పుడు, అంతే. అలాంటిది ఇక్కడ దొరకదు, దూరం నుంచి తెప్పించాలి. నేనే వెళ్లి చెప్పాను. పెద్దాయన తెగిన కొసను వెలుతురుకు పట్టి చూసి, తన పని మీద వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. నిచ్చెన మాత్రం, ఇంతకుముందు ఇలాగే తెగ్గొట్టినవాణ్ని ఆ వారమే పంపేశారని చెప్పాడు. ధైర్యం చెబుదామనే మొదలుపెట్టాడు పాపం, మధ్యలో దారి తప్పాడు.

ఇలా ఉండగా నీ ఉత్తరం. చదువు చదివింది ఎండన పడి తిరగడానికా అంటావా? అవును, అందుకే. ఎండే నా పని. నీడపట్టున ఉండాలంటే బడికే వెళ్లక్కర్లేదు. మన ఇంట్లో ఎవరూ బడి గడప తొక్కనప్పుడు నన్ను బడికి పంపింది నువ్వు. ఫీజు కట్టే రోజున ఆఫీసు ముందు నీ తడి చీరతో నిలబడింది నువ్వు. ఇప్పుడు ఇస్త్రీ బల్ల చూపించి వచ్చెయ్ అంటున్నదీ నువ్వే. నేనిక్కడ ఓడిపోతానని ముందే అనుకున్నావన్నమాట. అబద్ధం కూడా సిద్ధం చేసిపెట్టావు.

ఉంచుకుంటారో పంపేస్తారో నాకే తెలియదు. పంపేసినా ఆ బల్ల దగ్గరికి మాత్రం రాను.

ఉంటాను.

*

ఏప్రిల్ 19

తల్లీ,

పంతులమ్మ కోపం చదివాను. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. సరిగ్గానే చదివాను. నీకు కోపం వస్తే దస్తూరి ఇంకా చక్కగా వస్తుంది.

నువ్వు ఓడిపోతావని నేను అనుకోలేదు. అది ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం. ముందు ఇది చూడు.

ఈ పొట్లం జాగ్రత్తగా విప్పు. పగిలిన గాజు విషయంలో నేను చేయగలిగింది లేదు. నా చేతులకు గాజులు నిలిచిందెప్పుడు? పొద్దస్తమానం సబ్బునీళ్లు, జారి పోతూనే ఉంటాయి. పోగులు మాత్రం ఉన్నాయి. మా అమ్మవి. బంగారమే, పాతకాలపుది, గట్టిది. మీ పెద్దాయనకు ఇచ్చి, తెగినదాని బదులు ఇవి అమ్ముకోమని చెప్పు. దుకాణంలో వస్తువు పోతే వాళ్లకైనా బాధే కదా. పిల్లదాన్ని పంపెయ్యొద్దని, మా పెద్దమ్మ అడగమందని చెప్పు. చేతులు కట్టుకుని కాదు, మామూలుగా నిలబడి చెప్పు.

నీకు అక్కడే ఉండాలనుంటే అక్కడే ఉండు. గాజులమ్మినా నువ్వు మా పంతులమ్మవే. బల్ల సంగతి యజమానమ్మకు ఏమీ చెప్పలేదు. ఆపే ఉంచింది.

చెవులు తేలిగ్గా ఉన్నాయి. అలవాటైపోతుంది.

పెద్దమ్మ

*

ఏప్రిల్ 27

పెద్దమ్మా, నా పెద్దమ్మా,

పొట్లం గుడిసెలో పెట్టె ముందు విప్పాను. పోగులు చూసి, ఉత్తరం చదివి, నవ్వాను. తర్వాత ఏడ్చాను. నిచ్చెన ఏం చేయాలో తెలియక నాకు మంచినీళ్లు తెచ్చి, చివరికి తనే తాగేశాడు.

నేను దుకాణంలో లేను. గాజులు అమ్మట్లేదు. వీధి వీధీ తిరగట్లేదు. గాజు అంటే అద్దం గాజు. పోగు అంటే దారప్పోగు. గాజుతో చేసిన పోగు. అందులోంచి ఎండ వెలుగు నడిచి వస్తుంది, దాన్ని నేను కొలుస్తాను. నీకు సులువుగా ఉంటుందని నేను కట్టిన మాటే నీ చెవుల మీదికి వచ్చింది. ఆప్టికల్ ఫైబర్ అని రాసి ఉంటే, అర్థం కాలేదు అనైనా రాసి ఉండేదానివి.

నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. ప్రతి ముక్కా ఇప్పుడు వేరేలా వినిపిస్తోంది. నన్ను నువ్వు వీధుల్లో బుట్ట మోస్తున్నట్టు ఊహించుకున్నావు, అయినా నువ్వు మా పంతులమ్మవే అని రాశావు. నేనేమో ఒళ్లు తెలియకుండా రాశాను. ఆ ఉత్తరాన్ని చింపెయ్. చింపడం ఇష్టం లేకపోతే పొయ్యిలో వెయ్.

ఇక తెగిన పోగు. రెండు కొసలనూ కరిగించి అతికించే యంత్రం తెప్పించారు. పెద్దాయన దగ్గరుండి అతికించారు. తెగి ఉన్నన్నాళ్లూ ఆ చోట ఎండ లెక్క లేదు. పక్క చెట్ల అంకెలు చూసి ఊహించి నింపొచ్చని ఎవరో సలహా ఇచ్చారు. నేను నింపలేదు. ఖాళీగా ఉంచి, నా చేతిలో తెగిందని రాసి సంతకం పెట్టాను. పెద్దాయన అది చూసి చాలాసేపు చదివారు. ఉన్నది ఒక్క వాక్యం. ఆ కాగితం మడిచి తీసుకెళ్లారు. ఇంకా తేలలేదు.

పోగులు ఇదే పొట్లంలో వెనక్కి పంపుతున్నాను. వెంటనే పెట్టుకో. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మొదటి ఉత్తరంలో ఇదంతా విడమర్చి రాశాను కదా?

నీ పంతులమ్మ

*

మే 6

మా పంతులమ్మకు,

నీ మొదటి ఉత్తరం బట్టల సోడా నీళ్లలో ఉడికిపోయింది.

వచ్చినరోజు పనిలో ఉన్నాను. తర్వాత తీరిగ్గా చదువుకుందామని, చీర తడవకుండా కట్టుకునే ముందుగుడ్డ జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ముందుగుడ్డ కాగులో వేశాను. మూడో కాగితం ఒక్కటి విడిగా రవికలో ఉంది, చివర నీ సంతకం ముద్దొచ్చి అక్కడ పెట్టుకున్నాను. మిగతా రెండూ తీసి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఒక్క మచ్చ లేకుండా ఎంత తెల్లగా వచ్చాయో. వేరే ఎవరివైనా అయితే యజమానమ్మకు చూపించి మెప్పు పొందేదాన్ని.

నువ్వు కష్టపడి రాసినది ఉడకబెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. ఉన్న ముక్కే చదువుకున్నాను. గాజు పోగులు, ఎర్రవి పచ్చవి, తుడిచి వరసలో పెట్టడం. అలా రాస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పంతులమ్మ గాజు తర్వాత కామా పెట్టడం మర్చిపోయిందే, దానికీ తప్పులు వస్తున్నాయే అని నవ్వుకున్నాను. కామా నేర్పింది నువ్వే. ఎండ కొలిచే ఉద్యోగమని వెళ్లినప్పుడే నాకు అనుమానం. ఎండని కొలవడమేంటి, ఎవరో పిల్లదాన్ని మోసం చేసి తీసుకెళ్లారనుకున్నాను. మళ్లీ అడిగితే నీకు సిగ్గుగా ఉంటుందని ఊరుకున్నాను.

నిన్న మిద్దె మీద నీలిమందు అత్తకు నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. గాజుతో చేసిన పోగు అని ఆగి ఆగి చదివాను. అత్త, అందులోంచి ఎండ ఎలా నడుస్తుందే అంది. నాకు చెప్పడం రాలేదు. నీళ్ల గొట్టంలా అని చెప్పాను. తప్పైతే దిద్దు.

కోపంగా రాసిన ఉత్తరం చింపను. అందులో నేను తడి చీరతో నిలబడ్డానని రాశావు. అది నీకు గుర్తుందని నాకు తెలియదు.

యజమానమ్మ బల్ల గురించి రోజూ అడుగుతోంది. వచ్చే వారం ఎవరినో ఒకరిని పెట్టుకోవాలట. ఏం చెప్పను?

పెద్దమ్మ

*

మే 15

పెద్దమ్మా,

నీళ్ల గొట్టం తప్పు కాదు. అంతకన్నా బాగా చెప్పడం నాకూ రాదు.

పెద్దాయన ఇవాళ పిలిచారు. ఉంచుకుంటున్నారు. ఖాళీగా వదిలిన ఆ లెక్క నా ముందు పెట్టి, "ఇది నింపి ఉంటే నిన్ను పంపేసేవాణ్ని" అన్నారు. అంతే అన్నారు. గండం ఎంత దగ్గరగా వచ్చి వెళ్లిందో చూడు.

కానీ ఇక్కడ కాదు. కొండల అవతల ఇంతకు మూడింతలు పొడుగున్న లోయ ఉందట. అక్కడ కొత్తగా పోగు లాగాలి, పని నన్ను చూసుకోమంటున్నారు. రెండేళ్లు. ఉత్తరం చేరడానికే ఇప్పటికన్నా రెట్టింపు రోజులు పడుతుంది. ఏడాదికి ఒకసారి సెలవు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి.

కావాలనుకున్నదంతా ఎదురొచ్చి నిలబడితే నాకు మిద్దె మీదికి పారిపోవాలనిపిస్తోంది. గదిలో దుప్పటి ఆరేసి, దాని వెనక కూర్చుని చూశాను. సబ్బు వాసన ఉంది, అవతల నువ్వు లేవు. నీ చెవులు బోసిగా చేసి, నీకు దూరంగా వచ్చి, ఇంకా దూరం వెళ్లడమంటే నాకు మనసొప్పట్లేదు. కిటికీ పక్క బల్ల అంత చెడ్డదేమీ కాదు. అప్పుడు కోపంలో అన్నాను. యజమానమ్మను ఇంకో నాలుగు రోజులు ఆగమను. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. ఈసారి నిజంగా అంటున్నాను.

నీ పంతులమ్మ

*

మే 23

మా పంతులమ్మకు, పెద్దమ్మ రాసేది.

పోగులు చేరాయి. పెట్టుకున్నాను. ఇక నా చెవుల గురించి బెంగ వద్దు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. ఈసారి జేబులో పెట్టుకోలేదు. కాగు దగ్గరే నిలబడి, మూడు కాగితాలూ అయ్యేదాకా చదివాను. నీలిమందు అత్త పని చూసుకుంది. ఈ రోజు దుప్పట్లు కాస్త నీలంగా వెళ్లి ఉంటాయి.

నువ్వు రమ్మంటే వస్తానన్నావు. రమ్మనడానికి నాకెంతసేపు? ఆ మాట రాయడం కూడా వచ్చు, నువ్వే నేర్పావు. రాసి చూశాను. బాగానే వచ్చింది. అది నా దగ్గరే పెట్టుకున్నాను.

తర్వాత చేతులు తుడుచుకుని యజమానమ్మ గదిలోకి వెళ్లాను. మా అమ్మాయి రాదండీ, ఎండ కొలిచే పని ఉంది, రెండేళ్లు అని చెప్పాను. ఎండని కొలవడమేంటి అని నవ్వింది. గాజుతో చేసిన పోగుతో అండీ అన్నాను. గాజు దగ్గర ఆగలేదు. మధ్యాహ్నానికల్లా నీలిమందు అత్త కోడలు ఆ బల్ల దగ్గర కూర్చుంది. చీటీలు బాగానే రాస్తోంది. నీ అంత కాదు.

కాబట్టి ఇక్కడ నీకు పని లేదు తల్లీ. అడిగినా ఇవ్వరు. సెలవులకు రా, మంచం ఉంది.

పెద్దమ్మ